మేడమీద వదిన గది

కుట్టుమిషను పెట్టుకోవడానికి మేడమీద గది వేయించాలని వదిన ఆశ. వేయవచ్చో లేదో భూకంపాల వెబ్‌సైటులో చూసి చెప్పమని, ఇంజనీరింగు చదివిన ఆడపడుచును ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది.

“వదినా, మ్యాపులో మన చోటు ఎర్రగా ఉంది. భూమి గట్టిగా ఊగే చోటట. పైన గది వేస్తే ఈ స్తంభాలు ఆగవు.”

“అంటే గది లేనట్టేనా? ఇంకెన్నాళ్లు మంచం పక్కన ఇరుక్కుని కుట్టనే?”

“ఏం చేయను, లెక్క అలా వచ్చింది.”

“సరేలే. ఇంతకీ మనింటి చుట్టూ ఆ నీలంరంగేంటి?”

“సముద్రం.”

“మన వీధికి సముద్రం ఎప్పుడొచ్చిందే?”

“అయ్యయ్యో! అక్షాంశం అడిగిన చోట రేఖాంశం కొట్టాను!”

“అంత చదువు చదివి ఇంటిని నీళ్లలో ముంచావా తల్లీ!”

“నవ్వకు, ఆగు. ఇదిగో, ఇప్పుడు గుర్తు సరిగ్గా మనింటి మీదే ఉంది. ఇక్కడ ఊపు తక్కువే. మన స్తంభాలు ఇంతకంటే ఎక్కువకే లెక్కేసి కట్టారు. గది వేసుకో వదినా!”

“నిజంగానా! లే, సుద్దముక్క పట్టుకుని పైకి పద. మిషను ఎక్కడో గీసేద్దాం.”

“ఇంకా గోడలే లేవు!”

“గోడలు మేస్త్రీ కడతాడులే. కిటికీ పక్క చోటు మాత్రం ఇవాళ్టి నుంచే నాది.”