అత్తాకోడళ్లు ఆరబెట్టిన కారు

ఫిల్మ్‌నగర్‌లో ఓ అపార్ట్‌మెంటు సెల్లార్, శనివారం మధ్యాహ్నం. ముప్పై రెండేళ్లు నర్సుగా చేసి పెద్ద పెద్ద డాక్టర్లకే జంకని మార్తమ్మ, ఆటోలో పనికెళ్లిన కొడుకు బెన్‌హర్ ఇంటికొచ్చేలోగా వాడి కారు ఆరాలని కోడలు భావనతో కలిసి తంటాలు పడుతోంది.

“ఇంకా పిండండి అత్తయ్యా, ఇంకా వస్తున్నాయి నీళ్లు.”

“పిండుతూనే ఉన్నానమ్మా. కార్పెట్ కింద ఇంత స్పాంజి ఎందుకు పెడతారు వీళ్లు?”

“మీరు నిన్న శ్రీనగర్ కాలనీ మలుపులో నీళ్లలోకి దింపుతారని వాళ్లకేం తెలుసు?”

“నేను దింపలేదు. బండే వెళ్లింది.”

“బండే వెళ్లిందా?”

“బ్రేకు వెయ్యమని నువ్వు చెప్పలేదు.”

“మూడుసార్లు చెప్పాను. నేను ‘బ్రేకు’ అంటే మీరు ‘ప్రభువా’ అన్నారు. బండి ఇద్దరి మాటా వినలేదు.”

“ఎగతాళి చాల్లే గానీ, ఆ ఫ్యాను ఇటు తిప్పు.”

“పోచయ్యని ఇంకో ఫ్యాను అడగనా?”

“వాచ్‌మన్‌కి తెలిస్తే అపార్ట్‌మెంటు మొత్తానికి తెలిసినట్టే. ఇందాకే వచ్చి, ‘ఏంది మేడం, కారుకు లోపట్నుంచి తానం పోస్తున్నరా’ అన్నాడు.”

“మీరేమన్నారు?”

“దుమ్ము దులుపుతున్నాం అన్నాను.”

“కింద నీళ్లు కాలవ కడుతుంటే?”

“నర్సుని. రోగులకే ఉన్నదున్నట్టు చెప్పే అలవాటు లేదు నాకు.”

“అత్తయ్యా, ఇటు చూడండి. పైకప్పు గుడ్డ కూడా తడిగా ఉందేంటి?”

“ఏదీ?”

“ఇదిగో, సన్‌రూఫ్ అంచున. గుంటలో నీళ్లు ఇంత ఎత్తు ఎగిరాయా?”

“నేను పోనిచ్చిన వేగానికి ఎగిరే ఉంటాయి.”

“మీ వేగమా? సైకిలాయన బెల్లు కొట్టి మరీ దాటిపోయాడు.”

“అయినా నిన్న ఎక్కినప్పుడే కాళ్ల కింద చల్లగా తగిలింది. ఏసీ అనుకున్నాను.”

“ఏసీ కాదు, భయానికి మీ కాళ్లే చల్లబడి ఉంటాయి.”

“భావనా.”

“చెప్పండి.”

“సోమవారం డ్రైవింగు పరీక్షకి నేను రాను.”

“ఏంటీ?”

“రానంటే రాను. అరవై రెండేళ్లొచ్చాక లైసెన్సు ఏం చేసుకుంటాను? కొడుకు ప్రాణంగా చూసుకునే కారుని చెరువులో ముంచాను, చాలు.”

“చెరువు కాదు, గుంట.”

“వాడికి తెలిస్తే తాళాలు దాచేస్తాడు. వాళ్ల నాన్నా అంతే, స్కూటరు ముట్టుకోనిచ్చాడా ఏనాడైనా?”

“మరి ఆదివారం చర్చికి?”

“ఎప్పట్లానే. వాడు డబ్బింగ్ స్టూడియో నుంచి ఏ తెల్లవారుజామునో వచ్చి, పదింటికి లేచి దింపుతాడు. ఆఖరి పాటకి చేరతాను. దేవుడికి అలవాటైపోయింది.”

“నాకు కాలేదు. నెల రోజులు బెన్నీకి తెలియకుండా, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మీ పక్క సీట్లో కూర్చున్నది ఇందుకా?”

“అంత భయపడ్డావా?”

“చాలా. అయినా మళ్లీ కూర్చుంటాను.”

“నా తల్లే. ఆ వంటసోడా ఇటివ్వు, వాసన పోవడానికి చల్లుతాను.”

“మాట మార్చకండి.”

“మార్చలేదు. రానన్నానుగా.”

“ఏం చేస్తున్నారు మీరిద్దరూ ఇక్కడ?”

“బెన్నీ, నువ్వు ఆరింటికి కదా వస్తానన్నావు?”

“పని తొందరగా అయిపోయింది. కార్పెట్ ఎందుకు లేపారు?”

“నేను చెప్తాను నాన్నా. తప్పు నాదే. భావనని ఏమీ అనకు, అసలు నిన్న...”

“పోచయ్య చెప్పేశాడా?”

“పోచయ్యేం చెప్తాడు?”

“చెప్పొద్దని అంత బతిమాలాను మనిషిని. సరే, చెప్పేశాడుగా. మొన్న రాత్రి స్టూడియో బయట కారు పెట్టి, సన్‌రూఫ్ మూయడం మర్చిపోయి లోపలికెళ్లానమ్మా. గంటన్నర వాన. వచ్చి చూస్తే కారు తొట్టిలా ఉంది. ఇంటికి తెచ్చాక నేనూ పోచయ్యా చెంబుతో తోడాం. పైపైన తుడిస్తే ఆరిపోతుందనుకున్నా.”

“పోచయ్య నోరు విప్పలేదు బెన్నీ. ఇప్పుడు నువ్వే విప్పావు.”

“మొన్నంటే గురువారమేనా? భావనా, మనం వెళ్లింది...”

“నిన్న అత్తయ్యా. అప్పటికే తడి ఉంది.”

“ఎక్కడికెళ్లారు నిన్న?”

“ఉండు, నేనడుగుతున్నాను. రాత్రిపూట సన్‌రూఫ్ దేనికి తెరిచావు?”

“గాలి కోసం.”

“గాలి కోసమా.”

“గాలి కోసమేనమ్మా.”

“ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో గాలి కోసం బయటికెళ్లొచ్చిన ప్రతివాడి జేబూ తడిమినదాన్ని నాన్నా. సిగరెట్టు మానేశానని ఈస్టర్ రోజు నాకు మాటిచ్చావు.”

“ఒక్కటే అమ్మా.”

“ఒక్కటా?”

“రెండు.”

“భావనా, ఆ పిండే గుడ్డ మీ ఆయనకివ్వు. మనం పైకెళ్దాం పద.”

“కాసేపు పడుకుంటారా అత్తయ్యా?”

“సోమవారం డ్రైవింగు పరీక్ష పెట్టుకుని పడుకోవడమేంటమ్మా? ఒరే, అలా నోరు తెరుచుకుని చూడకు, రేపు తెల్లారేసరికి నా కారు ఆరాలి.”