ఓబుళమ్మ పాడుకున్న చింతమాను

కొండ మలుపులో ఆ చింతమాను చూసినారు కదా, దాని కింద మేక గూడా పండుకోదు. ఎందుకనుకుంటిరి? సుంకన్న ఉండాడు. ఉండాడంటే బతికి కాదప్పా, చచ్చి. బతికినన్నాళ్ళూ ఊరంతా అప్పులు చేసి, బాకీలోళ్ళు వస్తాండారని ఒకనాడు ఆ మానెక్కి దాక్కుని, కొమ్మ ఇరిగి కిందపడి పాయ. పానం పోయినా భయం పోలే. అప్పట్నుంచి ఏటా పంచాయితీ చింతమాన్లకు వేలం పెడితే, దాన్ని మాత్రం పాడే మొగోడు లేడు. కాసిన కాయంతా రాలి మట్టైపోతాండె.

ఇంగ మన కంబగిరి బాడుగకు తిప్పుకుంటా అని ఒక పాత కారు కొనె. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టె, కోడిని కోసె. ఇన్సూరెన్సు ఏదిరా అని నేనే అడిగితి. ఇంత దిష్టి తీసినాక అదెందుకవ్వా అనె. చూడు వాని తెలివి! నెల తిరక్క ముందే ఆ మలుపులో, సైకిలు మీద ఐసు అమ్ముకునే మాబూసాబును గుద్దె. పాపం, ఆయప్ప కాలు ఇరిగిపాయ. ఆస్పత్రి కర్చు, పనికి పోలేని దినాల కూలి, అంతా కంబగిరే ఇచ్చుకోవల్లని కోర్టు చెప్పె. కారు అమ్మినా సగం తీరలే. ఇంగ మిగిలింది ఇల్లొకటే. వాడేమో, నా తప్పేం లేదు, సుంకన్నే అడ్డమొచ్చినాడు అని మంచం పట్టె.

వాని పెండ్లాం ఓబుళమ్మ ఉండాదే, అది ఏడవలే. కాలిరిగినోని సొమ్ము ఎగ్గొడితే తిన్న కూడు అరగదు అని, ఆ ఏటి వేలంలో ఆ మానును రూపాయికి పాడె. ఎదురు పాడేదెవరు? దోటీ గంపా ఎత్తుకొని పట్టపగలే పాయ. మేమంతా గుండెలు అరచేతిలో పెట్టుకొని దూరం నుంచి చూస్తాంటిమి.

అది కొంగు నడుముకు చెక్కి, ఏమయ్యా సుంకన్నా, అడ్డమొచ్చింది నువ్వంట కదా, అట్లయితే బాకీలో సగం నీది, దిగి రా అని అరిచె. బాకీ అనే మాట చెవిన పడిందో లేదో, గాలి లేదు గీలి లేదు, మానంతా గడగడ వణికె! ఎవరో పైకి, ఇంకా పైకి పాకినట్టు కొమ్మలు ఊగె, కాయలు జలజల రాలె. అది నవ్వుకుంటా ఏరుకొనె. మర్నాడు పాయ, మళ్ళా బాకీ అనె, మళ్ళా రాలె. దోటితో పనే పడలే.

మరుసటేడు గూడా ఆ మానును ఓబుళమ్మే పాడె. రెండు ఎండాకాలాలు ఇంటిల్లిపాదీ పెంకు ఒలిచి, గింజ తీసి, హిందూపురం మండీలో ఏసిరి. కంబగిరి గూడా మంచం దిగి గింజ కొట్టనీకి కూర్చునె, కూర్చోక ఏం చేస్తాడు? ఆఖరి రూపాయి ఓబుళమ్మే పోయి మాబూసాబు చేతిలో పెట్టె. ఆయప్ప కండ్లనీళ్ళు పెట్టుకొని, ఐసుపెట్టె తెరిచి ఊరందరికీ పంచె. నేనూ ఒకటి తింటి, నోట్లో ఉన్న రెండు పండ్లూ జివ్వుమనె. ఆ దినం ఓబుళమ్మ బజార్లో తలెత్తుకొని నడిచొస్తాంటే, నా కడుపున పుట్టిన బిడ్డే గెలిచినట్టు సంబరమాయ నాకు.

మీరు మాత్రం ఆ మాను కిందికి పోవాకండి. సుంకన్న ఏమీ చేయడు పాపం, కొనకొమ్మన ముడుచుకొని ఉండాడు. కాయ మీద చెయ్యేస్తే మాత్రం ఓబుళమ్మ ఊరుకోదు.