నల్లకాడోళ్ల పుస్తకం

"నాయినమ్మా, నేను కాలేజీల అమెరికా నల్లోళ్ల మీద పుస్తకం చదువుతున్ననంటే, గది నేనెప్పుడో చదివిన అన్నవు. నిజమేనా?"

నిజం కాకపోతే అబద్ధమా బిడ్డ. నువ్వు ఇంగిలీషుల సదివినవు, నేను తెలుగుల సదివిన, గంతే. అగో, నవ్వుతున్నవు. నవ్వు నవ్వు. మీ నాయిన గూడ నమ్మడు. మా అవ్వకు దస్కతు తప్ప ఏం రాదు అని సుట్టాలందరికి చెప్పుకుంట తిరుగుతడు. పుస్తకమే సదివిన్రా, సదివి లొల్లి గూడ వెట్టిన అంటె ఇనడు. నువ్వన్న ఇను.

ఎప్పుడంటె, అరవైల ఆఖర్ల. మీ నాయిన నా సంకల ఉన్నడు, ఇంక మాట రాలే. కాదు కాదు, అవ్వ అనుడు ఒక్కటి వచ్చింది. మీ తాత కమాన్‌పూర్ దిక్కు ఊరు ఇడిసిపెట్టి ఈ గోదావరిఖనికొచ్చి బొగ్గుబాయిల ఫిల్లరుగ జేరిండు. ఫిల్లరంటె లోపట బొగ్గు ఎత్తి పట్టాల మీది టబ్బులల్ల నింపెటోడన్నట్టు. మాకు కోటర్ యాడిది, గుడిసె. గా గుడిసెలన్నిటి నడుమ ఒక్క నల్ల. పొద్దుగాల ఒక్క గంట నీళ్లొస్తుండె, మల్ల రేపే.

మనం మాదిగోళ్లం గదా. ఊర్లె చేదబాయి ముట్టనియ్యకపాయిరి, సరే, అది ఊరు అనుకున్నం. ఈడికొస్తె కంపెనోడు అందరికి ఒక్కటే నల్ల ఏసిండు. నల్ల ఒక్కటే గని, పద్ధతి మాత్రం అందరు ఊరికెల్లి మూటగట్టుకొని తెచ్చుకున్నరు. మనోళ్లయి ఆరు గుడిసెలు. ఆరుగురం ఆడోళ్లం పక్కకు కూసోవాలె. మిగిలినోళ్లంత నింపుకున్నంక ఎవలో ఒకలు దయదలిచి నల్ల తిప్పితే మేము కింద బిందె పెట్టాలె. నల్ల మీద చెయ్యి వడొద్దు. బిందె అంచు సుత తాకొద్దు. అప్పటికి నీళ్లు ఎక్కడియి, దార సన్నగయ్యేది. మీ తాత డ్యూటీ దిగి ఇంటికొస్తె మొఖం కడుక్కునేటందుకు చెంబెడు నీళ్లు లేకపోతుండె. బొగ్గు మొఖంతోనే బువ్వ తింటుండె. అది సూస్తె నాకు కడుపుల మండేది. నాకు కావల్సింది పెద్దగేం లేదు బిడ్డ. నా చెయ్యితోని నల్ల తిప్పి నా బిందె నిండ పట్టుకోవాలె. గంతే.

నల్ల పెత్తనమంత రాజేశ్వరమ్మది. ఆమె సర్దారు పెండ్లాం. సర్దారంటె బాయి లోపట ఎవలు యాడ పనిచెయ్యాలో చెప్పెటోడు, మీ తాత ఆయన కిందనే. నా పేరు ఎల్లవ్వ గదా, ఆమె ఎన్నడు గట్ల పిలువలే. ఏమే ఎల్లీ అనేది. నేను మాత్రం దొరసానీ అనాలె.

ఆఁ, సదువు. ల్యాంపు రూముల ఖాదరన్న అని ఉండె. బాయిల దిగేటోళ్లకు బత్తీలు ఇచ్చేటోడు. ఇంట్ల ఉర్దూ, బయట మనకన్న మంచి తెలుగు. చిన్న రేకుల షెడ్డుల పుస్తకాలు పెట్టి కార్మికులకు అచ్చరాలు నేర్పుతుండె. మీ తాత పొయ్యి నేర్చుకొని వచ్చి, సున్నమేసిన గోడకు బొగ్గుతోని రాసి నాకు చెప్తుండె. అప్పుడు చాయ పదిహేను పైసలు. కొన్ని దినాలు చాయ బంద్ జేసి నాకు పలక గూడ కొనుక్కచ్చిండు. ఆయనకు గుణింతాలు రాంగనే సాలనిపిచ్చింది, నాకేమో ఆకలి మొదలైంది. ఏడాది తిరుగకముందే ఆయన తప్పులు నేను దిద్దుడు.

గట్లుండంగ మీ తాత ఖాదరన్న కాడికెల్లి ఒక పుస్తకం పట్టుకచ్చిండు. అట్ట లేదు, ముంగటి కాయితాలు సుత లేవు. ఎవలు రాసిన్రో, ఏ దేశం ముచ్చటో ఏం తెల్వది. తెరువంగనే ఉన్నది, 'తెల్లవారి కుళాయి వేరు, నల్లవారి కుళాయి వేరు' అని. నేను ఆన్నే ఆగిపోయిన.

ఎందుకంటవా? నీళ్లొచ్చేదాన్ని మనం ఏమంటం, నల్ల అంటం గదా. నల్లవారు అంటె నల్లకాడోళ్లు అనుకున్న. తెల్లవారి అంటె తెల్లారంగ అనుకున్న. తెల్లారంగనే వచ్చి ముందుగాల నింపుకునేటోళ్లు తెల్లవారు, నల్లకాడ ఎదురుసూసుకుంట కూసునేటోళ్లు నల్లవారు. ఇగ కుళాయి అనే మాట నేనెన్నడు ఇనలే. మీ తాత టోపీ అన్నడు, కుళ్లాయి అంటరు గదా, గట్ల. నల్లకాడ టోపీ ఏందయ్యా, నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది, ఆంధ్ర దిక్కు బిందెను గట్ల అంటరేమో అన్న. ఇగ సూడు ఎంత సక్కగ అతికిందో. తెల్లారంగ వచ్చేటోళ్ల బిందె వేరు, నల్లకాడోళ్ల బిందె వేరు. మా గుడిసెల సంగతే. నాకు పానం జల్లుమన్నది. మన ఇజ్జతు తీసి ఎవనికి చెప్పినవయ్యా, అచ్చుల ఏసిన్రు అని మీ తాత మీద లేసిన. పాపం, ఒట్టు వెట్టుకున్నడు, ఎవనికి చెప్పలేదని.

తెల్లారి ఆ పుస్తకం పట్టుకొనే నల్ల కాడికి పోయిన. కూసునుడు ఎట్లాగు కూసునుడే గదా. మనోళ్లు ఐదుగురికి సదివి ఇనిపిచ్చుడు మొదలువెట్టిన. ఎదురొస్తె నల్లవారు పక్కకు తప్పుకోవాలె అని ఉన్నది. అవును, తప్పుకుంటం గదా అన్నరు. తెల్లవారి ఇండ్లల్ల పనిచేసి ఆళ్ల పిల్లలను సంకనేసుకొని పెంచుతరు గని, ఆళ్లతోని కూసోని తినొద్దు అని ఉన్నది. ఒకామె కండ్లనిండ నీళ్లు తెచ్చుకున్నది. ఎవడో మన ఇండ్లల్ల సొచ్చి సూసి రాసినట్టే ఉన్నది గదనే అన్నది. పద్మశాలోళ్ల లచ్చక్క అని ఉండె, ఆమె మాకంటె ముందు నింపుకునేటామె. బిందె నిండి కారుతున్నా సోయి లేదు, ఇనుకుంట నిలవడ్డది.

నాలుగో దినం పుస్తకంల అసలు ముచ్చట వచ్చింది. నల్లవారు కొందరు ఇగ సాలని లేసి, తెల్లవారి కుళాయి కాడికి పొయ్యి నీళ్లు తాగిన్రు. కొట్టినా కదల్లే. తప్పు సదివిన్నా ఏంది అని కూడవలుక్కొని మల్ల సదివిన. తాగిన్రు అనే ఉన్నది. నా లెక్కల కుళాయి అంటె బిందె గదా, ఆళ్ల బిందెలకెల్లే తాగిన్రట. మాకు గంత వద్దు, నల్ల ముడితే సాలు. నాకు ఒక్కటే తోచింది బిడ్డ. అచ్చుల పడ్డదంటె అయిపోయినట్టే. మనం తాగినమని పుస్తకంల రాసిపెట్టి ఉంటె, మనం ఇంక ఈడ కూసునుడేంది, పుస్తకం అబద్ధం కాదా?

మీ నాయినను పక్కామెకు ఇచ్చి లేసిన. పొయ్యి నల్ల మీద చెయ్యేసి తిప్పిన. ఇత్తడి నల్ల, పొద్దుగాల సల్లగుండె. గంత సల్లగుంటదని నాకు అప్పటిదాక తెల్వది.

రాజేశ్వరమ్మ వచ్చి బిందె తన్నింది. దొర్లిపోయింది. నేను తెచ్చి మల్ల పెట్టిన. "నల్ల ముట్టినవా ఎల్లీ, రేపు నీ మొగని సంగతి సూడు" అన్నది. పుస్తకంల ఉన్నదే చేసిన దొరసాని అన్న. ఏ పుస్తకం అన్నది. ముంగట వెట్టిన. ఆమెకు అచ్చరం ముక్క రాదాయె. సదివి ఇనిపియ్యాల్నా అన్న. మొఖం మాడ్చుకొని పోయింది.

మరునాటికెల్లి సూడాలె తమాషా. మేము ఆరుగురం అందరికన్న ముందే పొయ్యి నింపుకునుడు, ఆళ్లొచ్చి చింతపండు వెట్టి నల్లను తోముడు. తోమి కడిగేవరకు సగం నీళ్ల టైము పోతుండె. ఇంతల మా ఆరుగురిల ఒకామె ఏదో యాది మర్సినట్టు వచ్చి మల్ల ముట్టేది. మల్ల తోముడు. తాగ నీళ్లు లేవు గని తోమ చింతపండు. నల్ల మాత్రం బంగారం తీరుగ మెరిసింది.

నవ్వకు, అటు మీ తాత పాట్లు మీ తాతయి. సర్దారు ఆయనను లోపట నీళ్లు కారే జాగల ఏసిండు. పైకెల్లి కారుతుంటె కింద టబ్బు నింపుడు. తడిసి ముద్దయి వచ్చేటోడు, దగ్గు వట్టింది. నాకు బుగులైంది. ఇడిసిపెడుదామా అని అడిగిన. బువ్వ తినుకుంట అన్నడు, "నీకొక నల్ల దొరికె, నాకొక నల్ల దొరికె. ఇప్పుడు ఇడుస్తె నీది పోతది, నాది ఉంటది." గసొంటోడు మీ తాత.

వారం గడిసింది. ఒక పొద్దు లచ్చక్క వచ్చింది. చేతిల చింతపండు లేదు. రాజేశ్వరమ్మ ఇటు రా ఇటు రా అని పిలుస్తనే ఉన్నది, ఈమె వచ్చి నా ఎనక నిలవడ్డది. జరుగవ్వా, నా బిందె సుత పెట్టనియ్యి అన్నది. ఆమె ఎనక ఇంకొకామె వచ్చింది. ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నన్ను తిట్టినోళ్లే, ఒక్కొక్కలు ఉలిపికట్టె దారికే వచ్చిన్రు. ఎన్ని దినాలని తోముతరు చెప్పు, ఆళ్ల మొగోళ్లు సుత బొగ్గు మొఖాలతోనే బువ్వ తినవట్టిరి.

ఆఖరికి రాజేశ్వరమ్మ ఒక్కతే మిగిలింది. రెండు దినాలు రాలే. మూడోనాడు బిందె పట్టుకొని వచ్చి వరుసల నిలవడ్డది. ఆమె వంతు వచ్చింది. చెయ్యి నల్ల దాక వస్తది, మల్ల ఎనుకకు పోతది. నీళ్లేమో ఆగేటట్టున్నయి. అప్పుడు నా దిక్కు సూడకుంటనే అన్నది, "ఎల్లవ్వా, జర నల్ల తిప్పు."

ఎల్లీ అనలే బిడ్డ. ఎల్లవ్వా అన్నది. నేను తిప్పిన, నిండ తిప్పిన. పట్టుకో అక్కా అన్న. ఆమె బిందె అంచులదాక నిండేవరకు ఆన్నే నిలవడ్డ. ఆ దినం నాకున్న సంబురం నా లగ్గం నాడు గూడ లేకుండె. మీ తాత ఇంటికి రాంగనే రెండు బిందెలు తలమీద గుమ్మరిచ్చిన. సాలు సాలని ఒర్రుతున్నడు, నేను ఆగితే గదా. మెల్లమెల్లగ సర్దారు సుత ఆయనను తడి జాగకెల్లి తీసేసిండు.

ఇగ పుస్తకం వాపస్ ఇయ్యను ఖాదరన్న కాడికి పోయిన. ఏం తెలిసింది చెల్లె అని అడిగిండు. అంత చెప్పిన. ముందు నవ్విండు, నవ్వి నవ్వి కండ్లు తుడుసుకున్నడు. మల్ల సక్కగ కూసోని చెప్పిండు. నల్లవారంటె నల్లకాడోళ్లు కాదు, అమెరికాల నల్ల తోలోళ్లట, తెల్లవారంటె తెల్ల తోలోళ్లట. కుళాయి అంటె బిందె కాదు, ఆంధ్ర దిక్కు మన నల్లనే గట్ల అంటరట. సిగ్గుతోని సచ్చిన. గుడిసెలోళ్లందరి ముంగట తప్పు సదివి ఇనిపిస్తినాయె. మల్ల ఆలోచన చేసిన. ఎవలైతేంది, నల్లనైతె ముట్టినం గదా.

ఆళ్లు గెలిచిన్రా అన్నా అని అడిగిన. కొంత గెలిచిన్రు, ఇంక కొట్లాడుతున్నరు అన్నడు. అయితే మేము గెలిచినమని ఆళ్లకు తెల్వాలె గదా, ధైర్నమొస్తది అన్న. ఆన్నే కూసోని కాయితం మీద నా చెయ్యితోనే రాసిన. మీ పుస్తకం సదివి మేము నల్ల ముట్టినం, మాకు నీళ్లు దొరికినయి, మీరు ఇడువకున్రి అని రాసిన. నా బతుకుల మొదటి ఉత్తరం అదే. ఎవలి పేరు మీద పంపాలో ఖాదరన్నకు సుత తెల్వకపాయె. అట్లనే ఉండిపోయింది.

నీ కొత్త పుస్తకంల ఏమున్నది మరి, ఆళ్ల కొట్లాట అయిపోయిందా? ఇంక కొట్లాడుతనే ఉన్నరా. అయితే ఆలిశం కాలేదు బిడ్డ. నీకు ఇంగిలీషు వస్తది, కలం తీయి, నేను చెప్త నువ్వు రాయి. సల్లగ బతుకు నా తల్లి, రాసే నీ చెయ్యి సల్లగుండ. ఆఁ, మొదట్ల గిట్ల రాయి, గోదావరిఖని నల్లకాడోళ్లు రాయునది ఏమనగా...