పాస్టరుగారు ఖాళీ వదలని గడి

హలో… ఆ, నేనే. బోర్గిల్డ్ అమ్మమ్మనే. ఈ ఇంట్లో ఇంకెవరెత్తుతారే సిగ్నే!

…పండగకి రాలేనని చెప్పడానికేగా చేశావు? తెలుసులే. అయితే ఆ కుర్చీ లాక్కుని కూర్చో. ఫోను చెవికి బాగా ఆనించుకో. నన్ను చర్చికి తీసుకెళ్ళడానికి లెస్టర్ హౌగ్లాండ్ కారు వచ్చేలోపు నీకో మాట చెప్పెయ్యాలి.

—ఆఁ, ఇవాళే. మన చర్చికి నూరేళ్ళు.

మంగళవారం వచ్చాడు లెస్టర్. చంకలో పాత సంఘం పుస్తకం. …అదేనే, మనవాళ్ళు నార్వే నుంచి వచ్చి అమెరికాలో ఓడ దిగి, ఈ డకోటా బీళ్ళలో చర్చి కట్టిన నాటినుంచీ పెళ్ళిళ్ళూ చావులూ బాప్తిస్మాలూ రాసిన పుస్తకం. ఆ పాత భాష, ఆ కొక్కిరిబిక్కిరి రాత చదవగలిగింది ఇక్కడ నేనొక్కదాన్నే మిగిలాను. మూడో క్లాసు చదువు నాది!

…నవ్వకు.

"పిన్నీ, ఆదివారం అందరి ముందూ నీకు నచ్చిన పేజీ ఏదైనా చదువు" అన్నాడు. …వాడే అన్నాడే! నేనడగలేదు.

…తిప్పాను. పద్దెనిమిది వందల తొంభై ఎనిమిది. నా బాప్తిస్మం.

—ఊఁ. తండ్రి పేరు రాసే గడి.

…లేదు, ఖాళీగా లేదు.

గడి ఖాళీగా వదిలితే ఆ పాస్టరుగారికి నిద్రపట్టేది కాదు. మా అమ్మని తన వంటింట్లో కూర్చోబెట్టి, తలుపేసి, అడిగి, రాశాడు. గుల్బ్రాన్ హౌగ్లాండ్.

…అవును, లెస్టర్ వాళ్ళ తాతే. నలభై ఏళ్ళు సంఘపెద్ద. పెద్ద కిటికీ రంగుటద్దాల మీద పేరున్నవాడే.

…నాకు కొత్త కాదు. అమ్మ పోయేముందు చెప్పింది. నేను నోరు తెరిచానా, ఆ పెద్దమనిషి బైబిలు మీద చెయ్యేసి కాదన్నాడు. ఈ పుస్తకం అప్పుడు నా చేతికెవరిచ్చారు? అందరికీ నేను అబద్ధాలకోరునయ్యాను. యాభై ఏళ్ళు… చర్చి విందుల్లో నేను కాఫీ పొయ్యబోతే హౌగ్లాండ్ ఆడవాళ్ళు కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టేవాళ్ళు.

—నీకు తెలీదు. అప్పటి కట్టుబాటు వేరు. మా అమ్మ రాగ్న, ఆ హౌగ్లాండ్‌ల ఇంట్లో పాలు పితికే పనిపిల్ల. పద్దెనిమిదేళ్ళు. పెళ్ళికాకుండా కడుపొస్తే, ఆదివారం ప్రసంగం అయ్యాక సంఘం ముందు నుంచుని తప్పొప్పుకోవాలి. కుడివైపు మగవాళ్ళు, ఎడమవైపు ఆడవాళ్ళు. మధ్య దారిలో అమ్మ. కడుపులో నేను.

…ఎవడని ఒక్కరూ అడగలేదే!

గుల్బ్రాన్ మూడో బల్లలో కూర్చుని తన బూట్లు చూసుకున్నాడట. ఆపైన ఓటు. ఆఁ, ఓటే! ఈ పిల్లని క్షమిద్దామా, మగవాళ్ళంతా చేతులెత్తండి అన్నారు.

…ఎత్తాడు. వాడూ ఎత్తాడు. క్షమించాట్ట మా అమ్మని!

…నేనా? నేను క్షమించాలా? అడగాల్సిన క్షమాపణ అమ్మ అడిగేసిందిలే. ఇక వాళ్ళ వంతు.

…లెస్టర్ మంచివాడే, కాదన్నానా? చలికాలమంతా నా గుమ్మం ముందు మంచు వాడే ఎత్తిపోశాడు. నేనూ రెండు జతల మేజోళ్ళు అల్లిచ్చాను. అది వేరు, ఇది వేరు.

…ఏడుస్తాడా? ఏడవనీ. ఆ రోజు అమ్మ ఏడవలేదు.

వేదిక ఎక్కి చదవమన్నాడు. మోకాళ్ళు నొప్పిరా, మధ్య దారిలోనే నుంచుంటానన్నాను.

…ఊఁ. సరిగ్గా అక్కడే. ఆ రంగుటద్దాల వెలుగు పడేచోట.

ముందు పాత భాషలో చదువుతా. తర్వాత అందరికీ తెలిసే భాషలో. నిదానంగా. ఆపైన అడుగుతా — గుల్బ్రాన్ హౌగ్లాండ్‌ని క్షమిద్దామా, చేతులెత్తండి అని.

…ఎత్తితే ఎత్తనీ. నా చెయ్యి మాత్రం లేవదు.

—అదిగో హారను. ఇన్నాళ్ళూ పిన్నీ అన్నాడు పాపం. మధ్యాహ్నం నుంచి మేనత్తా అనాలి.

వస్తున్నా లెస్టర్! బల్ల మీద పుస్తకముంది, నువ్వే మొయ్యి నాన్నా, బరువుగా ఉంది!

…సిగ్నే, ఉన్నావా? మా అమ్మ రాగ్న. వాడు గుల్బ్రాన్. మూడో బల్ల. నీ పిల్లలకి చెప్పు, వాళ్ళ పిల్లలకి చెప్పమను. పేర్లు మింగకుండా చెప్పు తల్లీ… పెట్టేస్తున్నా.