తంగేడుకు నీళ్ళు

బొగ్గు గని కింద ఊరు పోయినవాళ్ళకు ఇచ్చిన కాలనీ అది. తెల్లవారుతూనే ఒక ఇంటి పెరట్లో, ఆకులు పండుబారుతున్న చిన్న తంగేడు మొక్క దగ్గర, మొగుడికీ పెళ్ళానికీ మాటలు నడుస్తున్నాయి.

“మళ్ళ బకెట్ తెచ్చినవా? నిన్న పోసినవ్ గదయ్యా.”

“ఆకు పండుతుంటే చూసుకుంట కూసోవాల్నా? నిన్న సరిపోలే.”

“ఎక్కువైతాంది. మన్ను పట్టుకొని చూడు, అంత బురద. వేర్లు కుళ్ళుతానయ్.”

“ఇరవై ఏండ్లు మిర్చి పండిచ్చినోన్ని. నాకు చెప్తవా?”

“మిర్చి గురించి చెప్తలే. మన చేను గట్టు మీద తంగేడుకు ఎవరు పోసిన్రు నీళ్ళు? ఎండల్ల గూడ గట్లనే నిలవడ్డది.”

“ఏడున్నది గట్టు? గని తవ్విన మట్టిదిబ్బ కింద. ఆ గట్టుది మిగిలింది ఇదొక్కటే. ఇది చస్తే ఏడికెల్లి తెస్తవ్?”

“అందుకే చంపకంటున్న. ఈసారి బతుకమ్మల దీని పూలే పెట్టాలె.”

“పొయ్యకుంటే నేనేం చెయ్యాలె మరి? కోడి కూయకముందే మెలకువొస్తది. కాళ్ళు చేను దిక్కు గుంజుతయ్. ఈ గోడకెల్లి ఆ గోడ దాక తిరిగి తిరిగి యాష్టకొస్తాంది.”

“బకెట్ ఆడ పెట్టు. గడ్డపార తే.”

“ఎందుకు?”

“వాన నిలిస్తే మిర్చి చేన్ల ఏం చేసేటోనివి?”

“కాలువ తీసి నీళ్ళు బయటికి పంపేది.”

“గదే చెయ్యి.”

“… జరుగు జరుగు. వేర్ల మీదనే నిలవడ్డవ్.”