చుట్టాల నీళ్ళు

"ఇంతకీ ఆ కొత్త ఉద్యోగం పేరేందమ్మా?"

"ఉద్యోగం కాదు పిన్నీ, ఉద్యోగం ఉన్నదే. దీన్ని ఫెలోషిప్ అంటారు. మూడేళ్ళు కాలేజీకి వెళ్ళక్కర్లేదు. హైదరాబాదులో ఉండి పరిశోధన చేసుకోవచ్చు. జీతం మాత్రం నెలనెలా ఇక్కడిదే వస్తుంది."

"పాఠం చెప్పకుండానే జీతమిస్తారా?"

"ఇస్తారు. నా బదులు ఇంకొకళ్ళని పెట్టుకోవడానికి కాలేజీకి కూడా డబ్బులిస్తారు."

"ఇంకా చదువేనా నీకు? తల నెరుస్తా ఉంది."

"అందుకే పిన్నీ ఈ తొందర. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పటికీ కాదు."

ఎనభై ఆరులో, శ్రావణమాసపు ఆదివారం మధ్యాహ్నం. నరసరావుపేట కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఖైరున్నీసా, బాదుషాల పొట్లం పట్టుకుని నకరికల్లు అవతలి పల్లెలో సుబ్బులమ్మ వసారాలో కూర్చుంది. ఆమె తండ్రి ఇమాం సాహెబ్ ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పొలాల్లో ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. అందుకని ఈ ఇంట్లో ఆమె మేడమ్ కాదు, అమ్మాయే. రేపు కాలేజీలో రిలీవ్ కావాలి, ఎల్లుండి రైలెక్కాలి. వెళ్ళేముందు మంచి కబురు చెప్పి, నోరు తీపి చేసి వెళదామని వచ్చింది. ఆ ఒక్క బుద్ధీ పుట్టకపోతే హాయిగా రైలెక్కేసేది.

"మరి బాదుషాలు మాకెందుకమ్మా? మేమేం చేశాం?"

"మీ వల్లే వచ్చింది పిన్నీ. పోయిన దసరా అప్పుడు మా తమ్ముడు జమాల్ పాల వ్యాన్లో సీసాలు పంపాను, గుర్తుందా? మీ బోరింగు నీళ్ళు నింపి ఇచ్చారు గదా. అవే నాకు ఈ దారి చూపించినయి."

"నీళ్ళకి ఇంత కతుందా!"

"ఉంది. ఈ వైపు ఊళ్ళ నీళ్ళల్లో ఫ్లోరైడ్ అని ఒకటి ఉంటుంది. పళ్ళకి గార కట్టేదీ, నడుములు పట్టేసేదీ, పిల్లల కాళ్ళు వంగిపోయేదీ దాంతోనే. వెనకటి లెక్కల్లో మీ ఊళ్ళన్నిటా దండిగా ఉంది. నేను పరీక్ష చేస్తే లేదు. అసలు లేనట్టే."

"లేదా?"

"లేదు. సాగర్ కాలవ ఇన్నేళ్ళు పారి, భూమిలోకి ఇంకి, లోపలి నీళ్ళనే మార్చేసిందని రాశాను. ఇంతవరకు ఆ మాట ఎవరూ అనలేదు. హైదరాబాదు ప్రొఫెసర్ గారు చూసి, ఇది నిలబడితే నీకు తిరుగులేదమ్మా అన్నారు. ఇంటర్వ్యూలో మిగతావాళ్ళని నిలబెట్టి అడిగి పంపారు. నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చారు."

"మంచియ్యేనమ్మా కాలవ నీళ్ళు. తీయగా ఉంటయి. అందుకే గదా నేను పొద్దున్నే లేచి ఆడిదాకా పోయి పట్టుకొచ్చింది."

"ఎక్కడిదాకా?"

"కాలవ కాడికి."

"ఎందుకు?"

"నీ సీసాలకి."

"ఏ సీసాలకి పిన్నీ?"

"నువ్వు పంపినయ్యేనమ్మా, తెల్లమూతలయి. అక్క హైదరాబాదు పెద్దోళ్ళకి చూపిచ్చుద్దంట అన్నాడు మీ జమాలు. పెద్దోళ్ళకి చూపిచ్చేదానికి ఆ బోరింగు నీళ్ళెట్టా పోస్తాం? నోట్లో పోసుకుంటే అదో రకంగా ఉంటయి. ఇంటికి చుట్టమొస్తేనే మేం అయ్యి ఇవ్వం. ఆళ్ళకని కాలవ నీళ్ళు వేరే బిందెలో తెచ్చిపెడతాం. ఇందాక నీకిచ్చినయ్యీ అయ్యే."

"ఒక్క నిమిషం. సరిగ్గా గుర్తు తెచ్చుకో. ఒకటో రెండో కాలవయి, మిగతావి బోరింగువి. అంతేగా?"

"అన్నీ కాలవయ్యే. సగం సగం ఎందుకు చేస్తానమ్మా? ఒప్పుకున్న పని శుద్ధంగా చెయ్యాలి గదా."

"బోరింగు దగ్గరే పట్టమని జమాల్ చెప్పలేదా?"

"చెప్పాడు. కుర్రోడు, ఆడికేం తెలుసు మర్యాద? సరే బాబూ అన్నా. అన్నాక మన పద్ధతిన మనం చేశాం."

"అయ్యో పిన్నీ."

"ఏందమ్మా? తప్పయిందా? ఏదన్నా ఉంటే నువ్వే వచ్చి పట్టుకోవాల్సింది గదా."

"ఎట్లా రాను? ప్రాజెక్టుకి డబ్బులైతే ఇచ్చారు, జీపు ఖర్చు మాత్రం కొట్టేశారు. వచ్చింది పరీక్ష మందులకీ గాజుసామానుకీ సరిపోయింది. పనిదినాల్లో సెలవడిగితే, క్లాసులెవరు తీసుకుంటారమ్మా అనేవారు ప్రిన్సిపాల్ గారు. మా వాడి వ్యాను రోజూ మీ ఊళ్ళకే వస్తుంది గదా అని..."

"మరి నువ్వే పట్టావని చెప్పావా ఆళ్ళకి?"

"'సేకరించాం' అని రాశాను. ఎవరు సేకరించారని వాళ్ళు అడగలేదు. నేనూ చెప్పలేదు."

చదువుకున్నవాళ్ళకు భయం వేస్తే ఏడుపు రాదు, లెక్క వస్తుంది. ఖైరున్నీసా కూడా బాదుషాల పొట్లానికి మళ్ళీ దారం చుడుతూ లెక్క వేసుకుంది. పోయింది ఒక ఊరే. ఒక ఊరు పోయినంత మాత్రాన మొత్తం కూలిపోదు.

"సరే. కంగారేం లేదు పిన్నీ. మీ ఊరి పేరు తీసేస్తాను. మిగతా ఊళ్ళతో నడిపించుకోవచ్చు."

"మిగతా ఊళ్ళంటే?"

"పాల వ్యాను తిరిగే ఊళ్ళే."

"అయితే ఆళ్ళూ అంతేనమ్మా."

"అంతే అంటే?"

"ఆ పొద్దున కాలవ కాడ తిరనాళ్ళే అనుకో. అవతలూరి సీతారావమ్మ వదిన, పెదకోటయ్య కోడలు, మీ అమీనా బీ కూడా కూతుర్ని ఏసుకుని వచ్చింది. అందరి చేతుల్లో నీ సీసాలే. ఒకళ్ళనొకళ్ళం చూసుకుని నవ్వుకున్నాం. పెద్దోళ్ళ ముందు ఊరి పరువు పోగూడదని అందరికీ ఒకటే బుద్ధి పుట్టింది చూడు అని."

"అందరూనా?"

"అందరం. ఇమాం సాయిబు కూతురు అడిగితే ఎవురు కాదంటారు?"

"అందుకే పిన్నీ, అన్ని ఊళ్ళకీ ఒకటే అంకె వచ్చింది. ఒక్క బిందెలో నీళ్ళని అన్ని సీసాల్లో పోసినట్టు వచ్చింది."

"మరి నీకు అనుమానం రాలేదా?"

"వచ్చింది, రాకేం. వచ్చినదాన్ని నేనే సర్దేశాను. కాలవ ఒకటే కాబట్టి మార్పు కూడా ఒక్క తీరుగానే వచ్చిందని రాశాను. ఆ మాటే ప్రొఫెసర్ గారికి మరీ నచ్చింది. అంత బాగా కుదిరినదాన్ని ఎవరికి అనుమానించబుద్ధవుతుంది?"

"మొహం అట్టా అయిపోయిందేందమ్మాయ్? మజ్జిగ తాగుతావా?"

"వద్దు."

"ఇప్పుడేమయిద్ది నీకు?"

"ఏం కాదు."

"ఏం కాదంటే ఏదో అయ్యేటట్టే ఉంది. చెప్పు."

"నేను రాసింది తప్పు పిన్నీ. తప్పని తెలిస్తే ఈ ఫెలోషిప్ ఉండదు. మా డిపార్టుమెంటులో అమరేశ్వరరావు అని ఉన్నాడు. ఒక డిపార్టుమెంటు నుంచి ఒక్కళ్ళనే వదులుతారు. నేను మానుకుంటే నా బదులు ఆయన పోతాడు. ఆడాళ్ళకి పరిశోధనలెందుకండీ, జీతం రాళ్ళు చాలవా అని స్టాఫ్ రూములో అందరి ముందూ అన్న మనిషి. నేను వింటున్నానని తెలిసే అన్నాడు. ఇక నేను రిటైరయ్యేదాకా ఆయన కింద గాజు గొట్టాలు కడుక్కుంటూ కూర్చోవాలి."

"అంత మాటన్నాడా? అయితే నువ్వు పోవాల్సిందే."

"ఎట్లా పోను?"

"ఎవురికి తెలుసు ఈ సంగతి? నాకు తెలుసు, నీకు తెలుసు. ఆ ఆడోళ్ళకి నేను చెప్తా, నోరు మెదపరు. ఆళ్ళు మళ్ళీ నీళ్ళడిగారనుకో, మళ్ళీ కాలవయ్యే పోస్తాం. ఎన్నిసార్లడిగినా అయ్యే పోస్తాం."

ఖైరున్నీసాకు నవ్వూ వచ్చింది, బాధా వేసింది. ఇంత నమ్మకంగా తన పక్షాన నిలబడినవాళ్ళు కాలేజీలో ఒక్కరూ లేరు. అడగకుండా ఉంటే బాగుండునని తెలిసి కూడా, అడగాల్సిన మాట అడిగింది.

"పిన్నీ, నీళ్ళ ఇంజనీరు గాని వచ్చాడా మీ ఊరికి?"

"వచ్చాడుగా, ఉగాది ముందు. అంతకు ముందేడు బడి పక్కన స్థలం కొలుచుకుని పోయారు, ట్యాంకు కడతాం, శుద్ధి చేసిన నీళ్ళిస్తాం అని. ఈ తడవ వచ్చి, మీకక్కర్లేదంట, మీ నీళ్ళు మంచియ్యేనని కాలేజీ పరీక్షలో తేలింది, ఆ డబ్బు వేరే ఊళ్ళకి పోయిందన్నాడు. మా ఆయన పిచ్చియ్య వాదేసుకున్నాడు. కాయితంలో ఉందయ్యా అన్నాడా ఇంజనీరు. కాయితంలో ఉన్నాక ఇంకేం మాట్లాడతాం?"

"మీరంతా ఊరుకున్నారా?"

"కాస్త సంబరపడ్డాం కూడా. గార పళ్ళ ఊరని మా పిల్లల్ని చేసుకునేదానికి ఎనకాడతారు గదా. ఇక ఆ మాట పోద్దిలే అనుకున్నాం."

"ఆ కాయితం నాదే పిన్నీ."

"నీదా?"

"ఫెలోషిప్ అర్జీలో ఒక గడి ఉంటుంది, నీ పరిశోధన వల్ల జనానికి కలిగిన మేలేమిటి అని. దాంట్లో రాసుకోవడానికి ఏమీ లేక నీళ్ళ ఆఫీసుకి ఒక కాపీ ఇచ్చాను. అందిందని ముద్ర వేసిచ్చారు. ఆ ముద్ర అర్జీకి కుట్టాను. ఇంటర్వ్యూలో దాన్నే మెచ్చుకున్నారు."

"అట్టాగా."

"తిట్టు పిన్నీ."

"నిన్నెందుకు తిడతా? నీళ్ళు పోసింది నేనాయె. నువ్వు బాగుండాలనే పోశా."

నాలుగు తిట్టినా ఖైరున్నీసాకు తేలికగా ఉండేది. తిట్టని మనిషి ముందు కూర్చోవడం కష్టం. లేచి వసారా చివరిదాకా నడిచి, మళ్ళీ వచ్చింది. వచ్చేటప్పటికి మాట సిద్ధం చేసుకుని ఉంది.

"ఒక పని చేస్తాను. ముందు వెళ్ళి చేరతాను. అక్కడ మంచి మిషన్లున్నాయి. ఈసారి నేనే వచ్చి, బోరింగు నేనే కొట్టి, నీళ్ళు నేనే పట్టుకుంటాను. డాక్టరేటు చేతికొచ్చాక అసలు సంగతి నేనే బయటపెడతాను. అప్పుడైతే నా మాటకి విలువుంటుంది. ఇప్పుడు చెప్తే ఎవరు వింటారు? పాల వ్యాన్లో నీళ్ళు తెప్పించుకున్న పంతులమ్మ అని నవ్విపోతారు, అంతే."

"అంతేనమ్మా."

"ట్యాంకు కూడా అప్పుడు నేనే వెంటపడి కట్టిస్తాను. ఊరికే అనడం లేదు."

"నువ్వంటే అయిద్ది."

"మూడేళ్ళే గదా పిన్నీ. మూడేళ్ళలో ఏం మునిగిపోద్ది?"

"ఏం మునిగిపోద్ది? ఇన్నేళ్ళు తాగలా? ఇంకో మూడేళ్ళు తాగుతాం. నువ్వు పోయి రా."

"మనసులో ఏం పెట్టుకోకుండానే అంటున్నావా?"

"నీ మీద నాకేముంటదమ్మా? ముసలోళ్ళం, మాకు వంగాల్సినయ్యన్నీ ఎప్పుడో వంగినయి. అదుగో, లేచినట్టుంది. ఆ ఉయ్యాల కాస్త ఊపు, నీ చేతికి దగ్గరగా ఉంది."

"ఎవరి పాప పిన్నీ?"

"మా పెద్దోడి కూతురు. మొన్ననే అన్నం ముట్టిచ్చాం. తల్లికి పాలు చాలటం లేదు. రోజూ కాలవ దాకా పోయి తేవాలంటే ఎవురి వల్ల అయిద్ది? బోరింగు నీళ్ళే కాచి పడతన్నాం."

"కాస్తే పోయేది కాదు పిన్నీ అది."

"పోదా? ఏమో, మాకేం తెలుసు."

"పెద్దోడంటే... కర్ర పట్టుకుని నడుస్తాడు, ఆ అబ్బాయేనా?"

"ఆ, ఆడే. పుట్టినప్పుడు ఆడి కాళ్ళూ చక్కంగానే ఉన్నయమ్మా, ఇదుగో, దీనికి మల్లేనే. మూడేళ్ళు నిండేసరికే వంగినయి."