పిన్ని వేసిన సి గ్రేడు

సి వేయడానికి నీకు చేతులెలా వచ్చాయే?

లేదు, కూర్చోను. ఆ స్టూలు అటు జరుపు. పొద్దున్నించీ కూర్చునే ఉన్నాను, ఆ కొత్త స్కూలు వరండాలో, ఇస్త్రీ మడత నలక్కుండా.

ఏంటి, మెల్లగానా? పిల్లలంతా వెళ్ళిపోయారు. ఈ ల్యాబ్‌లో ఉన్నది నువ్వూ, నేనూ, ఆ సీసాలో కప్పా. విననీ. దానికీ తెలియాలి, సొంత అక్క కూతురికి, మన పిట్టకి, నువ్వేం చేశావో.

లెక్కల మాస్టారు ఎవరు? పరాయివాడు. ఏ వేశాడు. భాషల మేడమూ ఏ వేసింది. ఆ ముక్కోపి సోషల్ సారు, ఎవర్ని చూసినా నవ్వని మనిషి, ఆయన కూడా బి వేశాడు. నువ్వు పిన్నివి. బయాలజీలో సి.

అసలు పరీక్షలే జరగలేదు కదే ఇంకా! రాబోయే పరీక్షలో పిల్లకి ఎంత గ్రేడు వస్తుందో మీరంతా ముందే అంచనా వేసి, కవర్లో పెట్టి, అంటించి పంపాలట. అది చూసి ఆ కొత్త స్కూలు వాళ్ళు సీటిస్తారట. ఆ కవరు నా చేతికే ఇచ్చావు. ‘జాగ్రత్తక్కా, మడత పడనీకు’ అన్నావు. మోసుకెళ్ళాను. రెండు అట్టల మధ్య పెట్టుకుని మరీ మోసుకెళ్ళాను.

ఆదివారం మా ఇంటికొచ్చి కడుపునిండా తిన్నావు. పిట్టకి జడేశావు. ఇంటర్వ్యూకి ఏ రంగు వేసుకోవాలో నువ్వే చెప్పావు. ఒక్క మాట… ఒక్కటంటే ఒక్క మాట చెప్పి ఉంటే!

సరే, విను. ఆ గదిలో ఏమైందో విను.

ప్రిన్సిపాల్ గారు పెద్దావిడ. పక్కన ఫైలు తిప్పుతూ ఒక సన్నటి సారు. ఎదురుగా పిట్ట. నేను గోడవార కుర్చీలో. తల్లులకి వేసే కుర్చీ అది, మాట్లాడకూడని కుర్చీ. అంతా బాగానే సాగింది. పిల్ల నవ్వుతూ చెబుతోంది. అప్పుడావిడ కవరు చింపింది. కళ్ళజోడు పైకి తోసుకుంది. ‘అన్నీ బాగున్నాయి. బయాలజీ ఒక్కటే సి. నువ్వడుగుతున్న సీటు బయాలజీదే. దీనికేమంటావమ్మా?’ అంది.

పిట్ట తలొంచుకుంది. కింద సంతకం ఎవరిదో నాకు ఎవరూ చదివి చెప్పక్కర్లేదుగా.

నేను లేచాను.

లేచి ఏమన్నానంటే… చెబితే నువ్వు నన్ను ఈ గదిలో ఉండనిస్తావో లేదో. సరే, చెబుతా. ‘ఆ టీచర్ నా తోడబుట్టిన చెల్లెలేనండీ. మాకూ వాళ్ళకీ మాటల్లేవు. ఆ కోపం పిల్ల మీద తీర్చుకుంది’ అన్నాను.

అలా చూడకు.

నోరు జారింది. కాదు, జారలేదు. అన్నాను. పిల్ల సీటు కళ్ళముందే పోతుంటే ఎవరి మీదికైనా తోసేసేదాన్ని. నువ్వు దొరికావు. ఆ సారు పెన్ను తీసి రాసుకున్నాడు కూడా. దానివల్ల నీ ఉద్యోగానికేమైనా…

అవుతుందా. ఊఁ.

ముందు పూర్తిగా విను. నన్ను తిట్టడానికి తరవాత బోలెడు టైముంది.

అప్పుడు పిట్ట తలెత్తింది. నా వైపు చూడలేదు. ‘లేదండీ. అమ్మకీ పిన్నికీ గొడవేం లేదు. పిన్ని సరిగ్గానే వేసింది. నా రికార్డులో బొమ్మలు నేను గీసినవి కావు. అమ్మ గీసింది’ అంది.

కన్నకూతురు! అదీ ఎలా అంది? అన్నం తిన్నాను అన్నంత మామూలుగా.

నేను నిలబడే ఉన్నాను. కూర్చోవాలని కూడా తోచలేదు.

సారు తెల్లకాగితం ముందుకి తోశాడు. ‘మూత్రపిండం గియ్యమ్మా, నిలువుగా కోస్తే ఎలా ఉంటుందో’ అన్నాడు. గీసింది. ఏం గీసిందిలే, అరిగిపోయిన చెప్పులా ఉంది. ఆవిడ నవ్వు ఆపుకుంది, నేను చూశాను. కానీ ఆ చెప్పు మీదే వేలు పెట్టి, రక్తం ఇటు నించి వస్తుంది, ఇక్కడ వడపోత, ఇక్కణ్ణించి ఇలా బయటికి అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. నాకు సగం అర్థం కాలేదు. ఆ బొమ్మ నేను నాలుగుసార్లు గీశానే! లోపల ఏం జరుగుతుందో నాకు తెలియనే తెలియదు.

చివరికి ఆవిడ, ‘సి ఎందుకు వేశారో ఆ టీచర్‌ని ఒక ఉత్తరం రాయమనండి. శుక్రవారం లోపల అందాలి. అది చూశాకే సీటు సంగతి’ అంది. అందుకొచ్చాను. పిట్ట ఇంటికెళ్ళిపోయింది.

ఇప్పుడు చెప్పు. బొమ్మలు నావని నీకు తెలుసా?

మొదటి పేజీ నించేనా!

మరి టిక్కులెందుకు పెట్టావే? ప్రతి పేజీకీ ఎర్ర టిక్కు, కింద తేదీ.

చూశానని అర్థమా? అంతేనా? నేను… నేనింకోలా అనుకున్నాను.

నా గీత నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుందిలే. యూనిఫాం కొట్టులో పాతికేళ్ళుగా గుడ్డ మీద సుద్దతో కొలతలు గీసే చెయ్యి. అంతకుముందు నీ రికార్డులు గీసిన చెయ్యి. నీ పువ్వులు, నీ ఎముకలు, నీ గుండెకాయ, అన్నీ నేనే గీశాను. మార్కులు నువ్వు తెచ్చుకున్నావు. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ నాన్న ఆ పుస్తకం చూపించి ‘మా చిన్నది గీసింది’ అనేవాడు. నేను వాళ్ళకి మంచినీళ్ళు అందిస్తూ వినేదాన్ని. అప్పుడు నోరు విప్పావా? నా కూతురి దగ్గరికొచ్చేసరికి నిజాయితీ పొడుచుకొచ్చిందా?

ఏంటీ?

కాలేజీలోనా? మొదటి ప్రాక్టికల్లో? బొమ్మ గీయడానికి చేతులాడక, పెన్సిలు పక్కన పడేసి… అందరి ముందూ ఏడ్చావా?

నాకెప్పుడూ చెప్పలేదే. ఇన్నేళ్ళూ.

అందుకని బొమ్మలు తీసేసి, పిల్ల సొంతంగా చేసినదానికే గ్రేడు వేశావు. పరీక్ష హాల్లో పక్కన అమ్మ ఉండదని. బాగుంది. నీ లెక్క నీకు సరిపోయింది. కానీ నాతో చెప్పొచ్చు కదే! ‘అక్కా, ఆ పెన్సిలు దించు’ అంటే దించనా?

దించేదాన్ని కాదేమో.

పిట్ట నన్ను గీయమనలేదే. ఒక్కసారే అడిగింది, జ్వరమొచ్చినప్పుడు. తరవాతంతా నేనే లాక్కున్నాను. ‘నువ్వు చదువుకో, బొమ్మ సంగతి నాకొదిలెయ్’ అనేదాన్ని. కొట్టు నించి వచ్చి, చేతులు కడుక్కుని, పెన్సిలు చెక్కుకుని కూర్చునేదాన్ని. పొయ్యి మీద ఏం మాడుతున్నా తెలిసేది కాదు. రికార్డు నీ దగ్గర్నించి తిరిగొచ్చే రోజు పిల్ల బ్యాగు నేనే విప్పేదాన్ని, అది చెప్పులు విప్పేలోపే. టిక్కు చూసుకునేదాన్ని. మా చెల్లి మెచ్చుకుంది అనుకునేదాన్ని. పిల్లని కాదు. నన్ను.

నలభై ఆరేళ్ళొచ్చాయి. సిగ్గు లేదు.

కాగితం తియ్యి. జరిగింది జరిగినట్టు రాయి. బొమ్మలు తల్లి గీసిందని రాయి. మనిద్దరికీ గొడవలున్నాయని నేను ఆడింది అబద్ధమని కూడా రాయి. కింద నేను సంతకం పెడతాను. నీ జోలికి ఎవరూ రాకూడదు. పిల్ల బుర్రలో ఏముందో నీకు తెలుసు కదా, అదీ రాయి. ఎక్కువ చేయకు, తక్కువా చేయకు.

ఇదిగో, ఒక్కటడుగుతాను. ఆ బొమ్మలు నా పేరు మీద వచ్చి ఉంటే, ఎంత వేసేదానివి?

వద్దులే, చెప్పకు. నీదసలే అబద్ధమాడలేని నోరు.